అధ్యక్షురాలి పెళ్ళికొడుకు

తాను అమెరికా అధ్యక్షురాలినన్న సంగతి మారిట్ ఫోస్‌కి ఒక శనివారం సాయంత్రం, గ్రంథాలయం కింది హాల్లో, చేతుల్లో వేడి నూడిల్స్ గిన్నె పట్టుకుని నిలబడి ఉండగా తెలిసింది.

నిజానికి ఆమె అక్కడికి రావాల్సిన మనిషి కాదు. మారిట్ ఆ ఊరి పశువుల డాక్టరు. అయోవాలో నవంబరు వాన ఎలా ఉంటుందో అలాగే ఉంది ఆ రోజు. మధ్యాహ్నమంతా ఒక రైతు కొట్టంలో ఆవు కడుపులో అడ్డం తిరిగిన దూడని బయటికి లాగి, మోకాళ్ళ దాకా బురదతో ఇంటిదారి పట్టిందో లేదో, బర్డీ అత్త ఫోన్ చేసింది.

"మోకాలు పట్టేసిందే. కారు నడపలేను. నన్ను, నా నూడిల్స్‌ని క్లబ్బులో దింపేసి పో తల్లీ."

ఆ క్లబ్బు సంగతి హేగన్ ఫాల్స్ ఊళ్ళో అందరికీ తెలుసు. నెలకోసారి ఎవరో ఒకరు నిలబడి, పాత అధ్యక్ష ఎన్నికల్లో ఒక్క చిన్న ముక్క మార్చి, అది మారితే దేశం ఎటు పోయేదో కథగా చెప్పాలి. వినేవాళ్ళలో ఎవరైనా చెయ్యెత్తి "ఇది నమ్మేలా లేదు" అనవచ్చు. అన్నారంటే జవాబు చెప్పి తీరాలి. చెప్పలేకపోతే కథ అక్కడితో సరి. జరిగిన వాటితోనే వేగలేక చస్తుంటే జరగనివి ఎందుకని మారిట్ ఎప్పుడూ అటు తొంగి చూడలేదు.

ఆ సాయంత్రం కథ చెప్తున్నవాడు హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పే గ్రేడీ ష్రోడర్. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మాట్లాడుతుంటే చేతులు గాలిలో ఈదుతాయి. మారిట్‌కి అతను బాగా తెలుసు. సెనేటర్ అనే తన కుక్కని నెలనెలా ఆమె దగ్గరికి తీసుకొస్తాడు.

"అలా మన అధ్యక్షురాలు మార్గిట్ వోస్ రెండోసారి పోటీకి దిగింది," అంటున్నాడు గ్రేడీ, గోడ మీది దేశపటం ముందు అటూ ఇటూ తిరుగుతూ. "అయోవా రైతు బిడ్డ. పశువుల డాక్టరు. నామినేషన్ కాగితం మీద ఎడమ చేత్తో సంతకం పెట్టి, ఎప్పట్లాగే ముక్కుతో గుర్రుమని నవ్వి..."

మారిట్‌ది ఎడమచేతి వాటం. ముక్కుతో గుర్రుమని నవ్వేది ఈ జిల్లాలో ఆమె ఒక్కతే.

"అత్తా," అంది చెవిలో. "ఎవరీ మార్గిట్?"

"పిచ్చిమొహమా, నువ్వే," అంది బర్డీ అత్త తాపీగా. "కిందటి చలికాలం నుంచీ దేశాన్ని ఏలుతున్నావు. బాగానే ఏలుతున్నావులే. పాలకి మంచి ధర ఇప్పించావు."

"నేనా!"

"నెమ్మది. ఆ పదవిలో ఉన్నవాళ్ళు అలా అరవకూడదు."

ఆ అరుపుకి హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. ముందు వరసలోంచి లెరాయ్ తాత లేచాడు. ఆ ఊళ్ళో ముప్ఫయ్యేళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి.

"అధ్యక్షురాలు వచ్చారు! అందరూ లేవండి!"

బరబరా కుర్చీలు జరిగాయి. హాలంతా నిలబడింది. ఎవరో చప్పట్లు కూడా మొదలుపెట్టారు. మారిట్ గిన్నె పట్టుకుని అందరి ముఖాలూ చూసింది. ఇంతమందికి తెలుసా? పొద్దున పెరుగు అమ్మిన అమ్మాయికి తెలుసా? అందుకేనా నవ్వింది!

గ్రేడీ చేతిలో దేశపటం చూపించే కర్ర టపీమని కిందపడింది. అతని ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.

"డాక్టర్ గారూ... మీరు... మీరు ఇక్కడికి రారు కదా?"

"రానని తెలిసే చేశారన్నమాట."

"పేరు మార్చానండీ."

"ఏం మార్చారు? మారిట్ ఫోస్‌ని మార్గిట్ వోస్ చేశారు. మా ఆవులు కూడా కనిపెడతాయి!"

హాలు గొల్లుమంది. గ్రేడీ కర్ర తీసుకోవడానికి వంగి, అక్కడే కాసేపు ఉండిపోయాడు. లేవాలనిపించలేదు కాబోలు.

"ఆ గొడవ తర్వాత చూసుకుందురు గాని," అన్నాడు లెరాయ్ తాత. "ముందు పెళ్ళి సంగతి తేల్చు టీచరూ. కిందటి నెల శ్వేతసౌధంలో పెళ్ళి అన్నావు, పెళ్ళికొడుకు పేరు చెప్పకుండా ఇంటికి పంపావు. నెల్లాళ్ళుగా నిద్ర లేదు మాకు."

"పెళ్ళి కూడానా?" అంది మారిట్. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది.

"ఇవాళ ఆ భాగం వదిలేద్దామండీ," అన్నాడు గ్రేడీ.

"కుదరదు!" హాలంతా ఒక్క గొంతుతో.

గ్రేడీ దేశపటం వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. మారిట్ వైపు మాత్రం చూడలేదు. "ట్రాక్టర్ల వ్యాపారి," అన్నాడు నీరసంగా. "పేరు... బ్రెంట్ హాల్వర్డ్."

ముందు వరసలో ట్రెంట్ హాల్వర్‌సన్ కూర్చుని ఉన్నాడు. ట్రాక్టర్లు అమ్ముతాడు. మంచి భుజాలు, మంచి పళ్ళు, ఊళ్ళో అందరికీ కావలసినవాడు. మారిట్‌ని రెండుసార్లు భోజనానికి తీసుకెళ్ళాడు కూడా. ఊరంతా ఆ రెండు భోజనాలనీ లెక్కలోకి తీసుకుందని ఆమెకి ఇప్పుడే తెలిసింది.

అందరూ ట్రెంట్ వీపు మీద చరచడం మొదలుపెట్టారు. ట్రెంట్ ముందు బిత్తరపోయాడు, తర్వాత ఎర్రబడ్డాడు, తర్వాత లేచాడు. చప్పట్లు పెరిగాయి. ఆ ఊపులో నేరుగా మారిట్ ముందుకి వచ్చి, మోకాలి మీద కూర్చుని, ఉంగరం లేక జేబులోంచి తాళాల రింగు తీశాడు.

"మారిట్! నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

బర్డీ అత్త నోట్లో పెట్టుకున్న బిస్కట్టు అలాగే ఉండిపోయింది.

మారిట్ తలెత్తి చూసింది. ఎదుట మోకాలి మీద ట్రెంట్. అతని వెనక ఊరు ఊరంతా. ఊరి వెనక దేశపటం ముందు గ్రేడీ. అతని ముఖం చూసిందామె. సొంత ఇల్లు తగలబడుతుంటే వీధిలో నిలబడి చూసేవాడి ముఖం అది.

ఆమె గిన్నె పక్కనున్న బల్ల మీద పెట్టి, ఎడమ చెయ్యి పైకెత్తింది.

"నాకో అభ్యంతరం ఉంది. ఈ పెళ్ళి నమ్మేలా లేదు."

తలలన్నీ గ్రేడీ వైపు తిరిగాయి. అభ్యంతరం వస్తే జవాబు చెప్పాలి కదా. గ్రేడీ గొంతు సవరించుకున్నాడు.

"ఎందుకు నమ్మేలా లేదండీ? అతను మంచివాడు. ప్రచారానికి తన లారీలన్నీ ఇచ్చాడు. ఊళ్ళో అందరికీ ఇష్టం."

"ఊరు చేసుకుంటోందా పెళ్ళి? ఆవిడకి ఇష్టమో కాదో చెప్పలేదు మీరు."

"ఇష్టమే అనుకున్నాను. రెండుసార్లు భోజనానికి వెళ్ళారు కదా."

"ఎవరు? మార్గిటా, నేనా?"

గ్రేడీ కర్రని దేశపటం మీద అటూ ఇటూ తిప్పాడు.

"ఆ రెండు భోజనాల్లోనూ ట్రాక్టర్ల గురించి తప్ప ఇంకో మాట లేదు," అంది మారిట్. "ఏమనుకోకు ట్రెంట్."

"పర్లేదు," అన్నాడు ట్రెంట్ కిందనుంచి. "కానీ అవి నిజంగా మంచి ట్రాక్టర్లు."

మారిట్ ముందుకి నడిచింది. బురద బూట్లు నేల మీద అచ్చులు వేస్తున్నాయి. "ఎక్కడ మొదలైంది మీ కథ?"

"పంతొమ్మిది వందల పదహారులో," అన్నాడు గ్రేడీ. చరిత్ర దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు కాస్త నిలదొక్కుకుంది. "ఆ ఏడు హ్యూస్ అనే ఆయన కాలిఫోర్నియాలో నాలుగు వేల లోపు ఓట్లతో ఓడి, దాంతో అధ్యక్ష పదవే పోగొట్టుకున్నాడు. ప్రచారంలో ఒకరోజు ఆయనా, ఆ రాష్ట్ర గవర్నరూ ఒకే హోటల్లో ఉన్నారు. ఒకే పార్టీ. అయినా పలకరించుకోలేదు. గవర్నరు మనసు కష్టపెట్టుకున్నాడని, ఆయన వైపు ఓట్లు జారిపోయాయని అంటారు. నా కథలో వాళ్ళిద్దరూ మెట్ల దగ్గర ఎదురుపడి చేతులు కలుపుతారు. అంతే, ఆయన గెలుస్తాడు. అక్కణ్ణుంచి అన్నీ మారిపోతాయి."

"అన్నీ మార్చారు. ఓడినాయన్ని గెలిపించారు. పశువుల డాక్టర్ని తీసుకెళ్ళి శ్వేతసౌధంలో కూర్చోబెట్టారు. నూరేళ్ళ చరిత్ర తిప్పినవాళ్ళకి ఆవిడకి నచ్చే పెళ్ళికొడుకు ఒక్కడు దొరకలేదా?"

"దొరికాడండీ," అన్నాడు గ్రేడీ.

"మరి?"

"మొదట వేరే అతన్ని అనుకున్నాను. ఒక... స్కూలు టీచరు." అతను నేల చూస్తూ చెప్తున్నాడు. "ఇంట్లో అద్దం ముందు చెప్పి చూసుకున్నాను. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి నాకు నేనే చెయ్యెత్తాను. మిగతావన్నీ నమ్ముతారు. అది మాత్రం ఎవరూ నమ్మరని."

మారిట్ అతని వైపు ఇంకో అడుగు వేసింది. తన కోసం ఒక మనిషి దేశం దేశాన్నే తిరగరాసి, తీరా సొంత పేరు దగ్గరికి వచ్చేసరికి ధైర్యం చాలక ఆగిపోయాడా?

"అయితే నేనిప్పుడు లేవచ్చా?" అన్నాడు ట్రెంట్.

ఆ మాటతో గ్రేడీకి తెలివి వచ్చినట్టయింది. కోటు కూడా తీసుకోకుండా మెట్లెక్కి బయటికి పరిగెత్తాడు.

"లే ట్రెంట్, మోకాలు పట్టేస్తుంది," అంది మారిట్. ఆగి, "కోపమా?" అంది.

ట్రెంట్ ప్యాంటు దులుపుకుంటూ ఆలోచించాడు. "కాదులే. అందరూ చప్పట్లు కొడుతుంటే ఊపొచ్చేసింది. నువ్వు సరే అనుంటే ఏం చెయ్యాలో నాకూ తెలీదు." తర్వాత తల గోక్కుంటూ, "వెళ్ళు, వెళ్ళు. వాడు తడిసి చస్తాడు," అన్నాడు.

బయట వాన ఉరుము లేకుండా, ఆగకుండా కురుస్తోంది. గ్రేడీ ఒక కారు తలుపుతో కుస్తీ పడుతున్నాడు.

"అది లెరాయ్ తాత కారు," అంది మారిట్ వెనకనుంచి.

అతను చెయ్యి తీసేశాడు. నీళ్ళు జుట్టు మీదనుంచి ముక్కు మీదికి కారుతున్నాయి.

"తిట్టండి డాక్టర్ గారూ. అడక్కుండా మీ నవ్వు వాడుకున్నాను. మీ చెయ్యి వాడుకున్నాను. ఇప్పుడు ఊరందరి ముందూ..."

"తిడతాను. ముందొకటి చెప్పు. సెనేటర్‌కి జబ్బేంటి?"

'చెప్పండి' పోయి 'చెప్పు' వచ్చిన సంగతి అతను గమనించాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏమీ లేదు."

"నాకు తెలుసు."

"తెలుసా!"

"మొదటి నెలలోనే తెలుసు. ఈ ఊళ్ళో అంత ఆరోగ్యంగా ఉన్న ప్రాణి ఇంకోటి లేదు. మరి 'వచ్చే నెల మళ్ళీ చూడాలి, తీసుకురండి' అని ప్రతిసారీ ఎవరన్నారు?"

"మీరే."

"ఎందుకన్నానంటావు? ఏ డాక్టరైనా నిక్షేపంలా ఉన్న కుక్కని నెలనెలా రమ్మంటుందా?"

గ్రేడీ లెరాయ్ తాత కారు బానెట్ మీద కూలబడ్డాడు. తడిసి ముద్దయిన మనిషి ఇంకా తడుస్తూ ఆమె వైపే చూస్తున్నాడు, కళ్ళెదుట ఓట్ల లెక్క తారుమారైనట్టు.

"ఒకే హోటల్లో ఉండి పలకరించుకోలేదని ఆ పెద్దమనుషుల్ని అన్నావు కదా," అంది మారిట్. "ఏడాదిగా ఒకే గదిలో, మధ్యలో కుక్కని పెట్టుకుని, వాతావరణం గురించి మాట్లాడుకున్న మనల్నేమనాలి?"

"డాక్టర్ గారూ..."

"మారిట్."

"మారిట్," అన్నాడు. ఆ పేరు మొదటిసారి నోటితో అన్నాడు కాబట్టి ఇంకోసారి అన్నాడు. "మారిట్, నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఇది ఎలా నమ్మించాలో తెలీట్లేదు."

ఆమె ముక్కుతో గుర్రుమని నవ్వింది. అతని తడి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ముద్దు పెట్టుకుంది. బురద వాసన, దూడ వాసన, వాన వాసన. అతనికి ఏ వాసనా తెలిసినట్టు లేదు.

"పెద్దగా మాట్లాడండర్రా! వాన చప్పుడుకి ఏమీ వినపడట్లేదు!"

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. కింది హాలు కిటికీలు నేలకి జానెడు ఎత్తున ఉంటాయి. ఆ కిటికీల్లో క్లబ్బు మొత్తం వరసగా గడ్డాలు ఆనించి చూస్తోంది. మధ్యలో బర్డీ అత్త, మోకాలి నొప్పి మర్చిపోయి, కుర్చీ మీద నిలబడి ఉంది.

"రేపు మా ఇంటికి భోజనానికి రా," అంది మారిట్, అతన్ని చెయ్యి పట్టి లేపుతూ. "మా నాన్నని కలుద్దువు గాని."

"రేపేనా? ఆయనకి మా క్లబ్బంటే పడదంటారే! నన్ను చంపేస్తాడేమో."

"చంపడు. మాట్లాడడు, అంతే. అది ఇంకా కష్టం."

నిజంగానే మారిట్ తండ్రి ఆర్నె ఫోస్ మాట్లాడలేదు. ఆదివారం మధ్యాహ్నం బల్లకి ఆ చివర కూర్చుని, పాడి రైతు మోచేతులు రెండూ పళ్ళేనికి చెరోపక్క పెట్టుకుని, మాంసం కోసుకుని తిన్నాడు. మారిట్ తల్లి పోయాక ఆ ఇంట్లో మాటలు సగమయ్యాయి. బర్డీ అత్త ఒక్కతే తన అన్నయ్య వాటా కూడా కలిపి మాట్లాడుతోంది. గ్రేడీ ఇస్త్రీ చొక్కాలో నిటారుగా కూర్చుని, బంగాళాదుంపని ఫోర్కుతో అటూ ఇటూ నెడుతున్నాడు.

చివరికి ఆర్నె నీళ్ళు తాగి, గ్లాసు దించాడు.

"నువ్వు జరగనివి చెప్తావటగా?"

"అవును సార్," అన్నాడు గ్రేడీ.

"ఎన్నికలవీ?"

"అవును సార్."

"నాకవి అక్కర్లేదు. జరిగింది ఒకటి చెప్పు."

మారిట్ బల్ల కింద చేతులు గట్టిగా పట్టుకుంది. వంద ఎన్నికల తేదీలు నోటికి వచ్చినవాడు, ఏదో ఒకటి చెప్పి గట్టెక్కవచ్చు. గ్రేడీ ఫోర్కు కింద పెట్టాడు.

"మీ అమ్మాయి నన్ను భోజనానికి పిలిచింది సార్. నిన్న. వానలో. నేనింకా నమ్మలేకపోతున్నాను."

ఆర్నె అతని ముఖంలోకి చూశాడు. తర్వాత కూతురి ముఖంలోకి చూశాడు. అక్కడ ఏం కనపడిందో, నెమ్మదిగా తల ఊపాడు. వేయించిన మాంసం ఉన్న పళ్ళేన్ని తన ముందునుంచి తీసి, లేచి, బల్ల చుట్టూ నడిచి వచ్చి, తనే స్వయంగా గ్రేడీకి ఇంకో ముక్క వడ్డించాడు.

"తిను," అన్నాడు. "సన్నగా ఉన్నావు. పాలు పితకడం వచ్చా?"

"రాదు సార్."

"పొద్దున్నే రా. నేర్పుతా."

మళ్ళీ వెళ్ళి తన కుర్చీలో కూర్చుని, ఏమీ జరగనట్టు తినసాగాడు. మారిట్ బర్డీ అత్త వైపు చూసింది. ఆ మనిషి బల్ల చుట్టూ లేచి వచ్చి ఇంకొకరికి వడ్డించడం వాళ్ళిద్దరూ ఈ జన్మలో చూడలేదు.