మూడో తొట్టికి ఐదు వోల్టులు

చిత్తూరు నుంచి కాణిపాకం వెళ్ళే దారిలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. అక్కడ కాయలకు ఆవిరి పట్టే మూడో తొట్టికి చెడ్డపేరు. పాలెగాళ్ళ కాలం నాటి శాపమని కొందరంటారు. నేను విచారించాను. పదిహేనేళ్ళ కిందట ఆ చోటు ఉత్త చెరకు తోట. చెడ్డపేరు వయసు రెండేళ్ళే. తొట్టి కడగడానికి దిగిన గంగులప్ప మీదికి ఎవరో చూసుకోకుండా ఆవిరి వదిలారు. మనిషి దక్కలేదు.

అప్పటి నుంచి కొన్ని రాత్రులు ఆ తొట్టికి ఆవిరి రాదు. గంగులప్ప రానివ్వడు — అని మాట.

చక్రధర్‌ది తిరుపతి. ఇలాంటి ఫ్యాక్టరీల్లో కంప్యూటరు పరికరాలు బాగుచేస్తాడు. నాలాగే దెయ్యాలను నమ్మడు. మొన్నటి జూన్‌లో జరిగినదాన్ని అతను చెప్పినట్టే చెబుతున్నాను.

ఆ రాత్రి గేటు బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. తెల్లవారేలోగా మూడో తొట్టికి మళ్ళీ ఆవిరి రావాలి. సూపర్‌వైజరు ధనంజయ తాళంచెవి చేతికిచ్చి తొట్ల గది వాకిట్లోనే ఆగిపోయాడు.

"తొట్టిలో ఎవరూ లేరు కదా?"

"కడిగేవోళ్ళంతా ఎప్పుడో ఎల్లిపోయినారు సార్. మీరు కానీండి... నేను ఈడే ఉంటా."

"లోపలికి రావచ్చుగా?"

"నాకు ఇద్దరు పిల్లోళ్ళుండారబ్బా!"

చక్రధర్ గోడమీది ఇనప పెట్టె తాళం తీశాడు. లోపల డేటా కార్డు. కంప్యూటరు చెప్పిన అంకెను అది వోల్టేజీగా మార్చి తీగలో పంపుతుంది. ఆ వోల్టేజీని బట్టి ఆవిరి వాల్వు తెరుచుకుంటుంది. తెర మీద ఐదు వోల్టులని ఉంది. తీగలు బిగించిన చోట మీటరు పెట్టి చూస్తే — సున్నా.

తీగలు గట్టిగానే ఉన్నాయి. కార్డుకు కరెంటు అందుతోంది. వోల్టేజీ ఏ తీగలోకి వెళ్ళాలో చెప్పే ఛానెల్ నంబరు సరైనదే. కార్డు తనను తాను పరీక్షించుకుని లోపం లేదంది. మళ్ళీ మీటరు... సున్నా.

"సెప్పలా సార్?" వాకిట్లోంచి గుసగుస. "వాడు రానీడు."

"వాడికి ఎలక్ట్రానిక్స్ ఎవరు నేర్పారు ధనంజయా?"



కార్డే పాడైందని తేల్చుకుని, చక్రధర్ సంచిలోంచి వోల్టేజీ పుట్టించే చిన్న పరికరం తీశాడు. దాన్ని నేరుగా వాల్వుకే తగిలించాడు. ఐదు దగ్గర పెట్టాడు. బొటనవేలు మీట మీద ఉంచాడు...

తొట్టిలో ఏదో గీరిన చప్పుడైంది. ఆగింది. మళ్ళీ —

"గంగులప్పే!" ధనంజయ పరుగెత్తిన చప్పుడు.

చక్రధర్ వేలు మీట మీదే బిగుసుకుపోయింది. బాయిలరు చప్పుడనుకుని ఉంటే నొక్కేసేవాడే.

తొట్టి అంచు మీదికి ఒక చెయ్యి వచ్చింది. తడి చెయ్యి... ఆ వెనక తలగుడ్డ.

"ఏంది సార్, అట్ల సూస్తావుండావు?"

తిరుమలమ్మ. తొట్లు కడిగే మనిషి. చేతిలో ఇనప బ్రష్షు.

చక్రధర్ తీగలు ఊడదీసి కూలబడ్డాడు.

"ఇప్పుడే ఆవిరి వదలబోయానమ్మా..."

"యాడొస్తాది? ఆ పచ్చ ప్లగ్గు పీకినాకే గదా మేము దిగేది. గంగులప్ప పోయినప్పట్నుంచి ఇదే అలవాటు. పైవోళ్ళకు సెప్తే ఒప్పుకోరని దెయ్యమన్నాము."

అతను లేచి చూశాడు. తీగలు బిగించిన పచ్చ ప్లగ్గు, కార్డు నుంచి వెంట్రుకవాసి బయటికి వచ్చి ఉంది. తీగలు ప్లగ్గులో గట్టిగా ఉండబట్టే మోసపోయాడు. రెండేళ్ళ దెయ్యం అక్కడితో తీరిపోయింది.

"పీకేముందు ధనంజయకు ఒక మాట చెప్పొద్దా?"

"నేను పీకలేదే." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "పెట్టెకు తాళమేసుండె. మావోళ్ళెవరో పీకినాకే తాళమేసుంటారని దిగినా."

తిరిగి వచ్చిన ధనంజయ ఒట్టేశాడు. "పొద్దున కొత్త తాళం ఏసినా సార్. మళ్ళీ తియ్యనే లేదు. సాయంత్రం దాకా ఆవిరి బాగానే వచ్చినాది."

యంత్రాల అదురుకు ప్లగ్గు ఊడి ఉంటుందని నేను వాదించాను. చక్రధర్ ఒప్పుకున్నాడు. ప్లగ్గును కార్డుకు పట్టి ఉంచే స్క్రూలు రెండుంటాయి. అవీ అదురుకే ఊడి ఉండవచ్చు.

కానీ ఊడిన స్క్రూలు కింద పడతాయి. ఇవి రెండూ కార్డు పైన ఉన్నాయి... పక్కపక్కనే, తలకిందులుగా నిలబెట్టి.