పదిహేడు అంగుళాల అబద్ధం

కొనడానికి వచ్చినవాళ్ళని కొనకుండా వెనక్కి పంపడంలో విజయరంగన్‌ని మించినవాడు పుదుచ్చేరి మొత్తంలో లేడు. ఒర్లియంపేటలో అతనిది కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు, దాని వెనకే ఇల్లు. కొత్త మిషను కొనేముందు జనం ఓసారి అతన్ని అడిగి వెళ్తారు. మంచి ఒకటి చెబితే చెడ్డలు తొమ్మిది చెబుతాడు. అయితే ఆ పదింటిలో అబద్ధం ఒక్కటి కూడా ఉండదని పేటంతా ఒప్పుకుంటుంది.

ఆ వానాకాలం సోమవారం సాయంత్రం నాగకుమారి గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చి, పేపర్లోంచి కత్తిరించిన ప్రకటన బల్లమీద పెట్టింది.

"పదిహేడు అంగుళాల ల్యాప్‌టాప్ అండి. కొనొచ్చా, కొనకూడదా?"

"వద్దండి."

"అదేంటండీ బాబూ, సరిగ్గా చూడనైనా లేదు!"

"చూసినా అదే చెప్తా. రొంబ బరువు. బ్యాటరీ గంటన్నర నిలిస్తే గొప్ప. ఒళ్ళో పెట్టుకుంటే తొడలు కాలతాయి. మామూలు బ్యాగులో పట్టదు. మీరు ఉండేది యాడ?"

"మూలకుళంలో. మాది యానాం లెండి. ఇక్కడో ఆర్కిటెక్ట్ ఆఫీసులో ప్లాన్లు గీస్తాను. చిన్న స్క్రీన్‌లో నాకు ఇల్లంతా కనపడదండి. వంటగది చూస్తే హాలు పోతుంది, హాలు చూస్తే వంటగది పోతుంది."

"అట్లయితే డెస్క్‌టాప్ కొనుక్కోండి."

"ఇల్లు కట్టే చోటికి డెస్క్‌టాప్ మోసుకెళ్ళమంటారా?"

"దీన్ని మాత్రం మోస్తారా?"

"ఎందుకు మొయ్యను? గోదావరి నీళ్ళు తాగినదాన్ని."

విజయరంగన్ లేచి లోపలికెళ్ళాడు. తల్లి జయమ్మాళ్ డబ్బాలోంచి నాలుగు కిలోల ఇడ్లీ బియ్యం తూచి, మూటకట్టి, ఓ పాత ల్యాప్‌టాప్ బ్యాగులో కుక్కి తెచ్చాడు.

"మిషను, చార్జరు కలిపితే ఇంత ఉండాది. వారం రోజులు ఆఫీసుకి మోసుకోని పోండి. అప్పటికీ కొనాలనిపిస్తే మాట్లాడుకుందాం."

నాగకుమారి అతన్ని ఎగాదిగా చూసింది. ఈ మనిషికి మతి సరిగ్గా ఉందా అన్న అనుమానం ఆ చూపులో దాచినా దాగలేదు. అయినా బ్యాగు భుజాన తగిలించుకుంది.

"ఆయ్, అలాగేనండి. నాకూ పంతం ఉంది," అని వానలోకి నడిచింది.

మర్నాడు సాయంత్రం ఆరింటికి వచ్చింది. "బస్సులో ఒకావిడ కాలిమీద పడిందండి మీ బియ్యం. తమిళంలో ఎన్ని తిట్లున్నాయో ఇవాళే తెలిసింది నాకు."

"అయితే వద్దా?"

"కావాలి."

బుధవారం, "భుజం లాగేస్తోంది. అయినా కావాలి," అంది. గురువారం జోరువానలో బియ్యంతో సహా తడిసి వచ్చింది. జయమ్మాళ్ బియ్యాన్ని ఫ్యాను కింద ఆరబోసి, ఆమెకు తువ్వాలు, కాఫీ ఇచ్చి, "ఏంది తల్లీ, వీని మాట విని దీన్ని మోస్తా ఉండావా? వీనికి పిచ్చి, నీకుగూడా పిచ్చేనా?" అని అడిగింది. నాగకుమారి నవ్వేసింది. కాఫీ గ్లాసు మీదుగా ఒక్కసారి అతని వైపు చూసింది.

అంతే. మనవాడు పడ్డాడు, నిలువునా పడ్డాడు. ఆ రోజు విప్పిన కీబోర్డుకి ఒక స్క్రూ మిగిలిపోయింది. అది ఎక్కడిదో ఎంత వెతికినా తెలియలేదు.

శుక్రవారం ఆమె అసలు సంగతి చెప్పింది.

"మా నాన్న సొంత మిషను కొనుక్కుని యానాం వచ్చెయ్యమంటున్నారండి. మా మేనత్త ఇల్లు కట్టుకుంటోంది. ప్లాన్ నన్నే గియ్యమంది. ఆఫీసు కంప్యూటర్ల మీద సొంత పని చేసుకోనివ్వరు. ల్యాప్‌టాప్ చేతికి రాగానే బయల్దేరిపోతాను."

విజయరంగన్ చేతిలో స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టేశాడు. ఆమె వెళ్ళిపోతుందన్న ఆలోచన ఇన్నాళ్ళూ అతని దరిదాపులకు రాలేదు.

"ఒకటి చెప్పడం మరిచినా," అన్నాడు. "స్క్రీన్ పెద్దది గదా, మూత మడత దగ్గర ఏడాదికే విరుగుతాది. స్పేరు యాడా దొరకదు."

అది పచ్చి అబద్ధం. అంత నున్నగా నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

"నిజమాండీ?"

"నిజం."

నాగకుమారి బ్యాగు దించి బల్లమీద పెట్టింది. "మీరు చెప్పారంటే మరి ఆలోచించక్కర్లేదు. కొననని నాన్నకి చెప్పేస్తాను." వెళ్ళబోతూ హ్యాండ్‌బ్యాగులోంచి మడతపెట్టిన కాగితం తీసి చూపించింది. పెన్సిల్‌తో గీసిన ఇల్లు. "రెండేళ్ళుగా ఆఫీసులో వేరేవాళ్ళు చెప్పిన గీతలే గీస్తున్నానండి. ఇదొక్కటీ నా సొంతం. పోనీలెండి, అత్త ఇంకెవరిచేతనైనా గీయించుకుంటుంది."

ఆ తర్వాత రెండు రోజులు ఆమె రాలేదు. ఆదివారం మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని విజయరంగన్ అన్నం కెలుకుతూనే ఉన్నాడు.

"ఏంరా?" అంది జయమ్మాళ్.

"ఆ మూలకుళం అమ్మాయికి అబద్ధం చెప్పినామ్మా."

"ఎందుకు?"

అతను మళ్ళీ అన్నం కెలికాడు. తల్లి అతని ముఖం చూసింది, చారు వడ్డించింది, తర్వాత నిదానంగా చెప్పింది.

"అబద్ధం చెప్పి ఆపుకుంటే ఆ పిల్ల నీ దగ్గర ఉన్నట్టు కాదురా. పొయ్యి నిజం చెప్పు. దాని తర్వాత పోతే పోనీ."

సోమవారం పొద్దున అతను మూలకుళం బస్‌స్టాప్‌లో ఉన్నాడు, నెత్తినుంచి నీళ్ళు కారుతూ. నాగకుమారి కనబడగానే ఊపిరైనా తీసుకోకుండా మొదలుపెట్టాడు.

"మూత విరగదు."

"ఏంటండీ?"

"ల్యాప్‌టాప్ మూత. బరువు నిజం, వేడి నిజం, బ్యాటరీ నిజం. అదొక్కటి అబద్ధం. మీ పనికి అదే సరైన మిషను. కొనండి. మీ అత్తకి ఇల్లు గీసియ్యండి."

బస్సు వచ్చింది. ఆగింది. నాగకుమారి ఎక్కలేదు.

"ఊరందరికీ నిజాలు చెప్పే మనిషి, నాకే ఎందుకు చెప్పారు అబద్ధం?"

"కొంటే మీరు పోతారు గదా."

"పోతే?"

"నాకు మీరు కావాల. దానికే."

ఆమె వెళ్ళిపోతున్న బస్సుని చూసింది. తర్వాత, "ఆ ప్లాను చూసుకుని రెండు రోజులు ఏడ్చానండి," అంది. కళ్ళలో కోపం ఉంది, మాటలో మాత్రం లేదు. "ఉండమని అడగొచ్చుగా?"

"అడిగే హక్కు నాకు యాడుంది?"

"అడిగితేనే కదండీ తెలిసేది."

విజయరంగన్ ముఖం మీద నీళ్ళు తుడుచుకున్నాడు. "ఈడే ఉండిపోతారా?"

నాగకుమారి గొడుగు అతని చేతికిచ్చి, సెల్‌ఫోన్ తీసి యానాం నంబరు నొక్కింది.

"నాన్నా, ల్యాప్‌టాప్ కొంటున్నాను. పెద్దదే. అత్త ఇల్లు ఇక్కడే కూర్చుని గీస్తాను, మెయిల్లో పంపిస్తాను... లేదు నాన్నా, నేను రావట్లేదు. అమ్మని తీసుకుని మీరే రండి... ఒకాయన్ని చూపించాలి."

అవతలి ప్రశ్నకి ఆమె విజయరంగన్‌ని మరోసారి ఎగాదిగా చూసింది. అతను గొడుగు పూర్తిగా ఆమె వైపే పట్టి, తను తడుస్తున్నాడు.

"ఎలాంటివాడంటే, అబద్ధం చెప్పి మూడు రోజులు కూడా దాచుకోలేనివాడు. నాకు నచ్చాడు నాన్నా."