తిట్టు కోసం తపస్సు

మోటార్లు బాగుచేసే మెకానిక్‌కి ఉరుము అన్న పేరు ఊరికే రాలేదు. అతను ఒక్క కేక వేస్తే తుప్పు పట్టిన నట్లు వాటంతటవే వదులయ్యేవి. ఈ మాటల్లో సగం అతిశయమని కోసేసినా మిగిలేది తక్కువేం కాదు. అతని షెడ్డులో తిట్టు తగిలించకుండా ఎవరూ ఎవర్నీ పిలవరు. "ఒరేయ్ దరిద్రుడా, తిన్నావా?" అంటే అక్కడ అది ముద్దు చేయడం.

అలాంటివాడు ఓ రోజు కరెంటాఫీసుకి పోయి ఫిర్యాదుల కిటికీ ముందు గర్జించాడు.

"పొద్దుట్నుంచీ కరెంటు లేదు. మీ చెవులు బీరువాలో పెట్టి తాళమేశారా?"

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్," అంది లోపలి అమ్మాయి, దగ్గుతూ.

"చింత తర్వాత. ఆ గొంతేంటి అలా ఉంది? వేడినీళ్ళు తాగాలని తెలీదా? మతి ఉందా అసలు?"

ఆమె తలెత్తి చూసింది. సాయంత్రానికి షెడ్డులో కరెంటొచ్చింది గానీ, మనవాడి బుర్రలో ఫ్యూజు ఎగిరిపోయింది.

మర్నాటి నుంచి మనిషి మారిపోయాడు. ఇస్త్రీ చొక్కా తొడిగి, ఏదో ఒక ఫిర్యాదు కల్పించుకుని, కిటికీ ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు.

"నమస్కారమండీ. తమరి గొంతు కుదుటపడిందాండీ?"

"ధన్యవాదాలు సార్. ఇంకేమైనా సహాయం కావాలా సార్?"

అతను ఎంత మర్యాద ఇస్తే ఆమె అంతా వడ్డీతో తిరిగిచ్చేది. ఇద్దరి మధ్యా మర్యాద గోడలా లేచింది. ఇంకొన్నాళ్ళుంటే పైకప్పు కూడా వేసేసేవారు. ఇంతలో పిడుగులాంటి కబురు: సోమవారం నుంచి ఆమెకు వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్.

శనివారం ఆమె నానమ్మ ఓ టేబుల్ ఫ్యాను చంకన పెట్టుకుని షెడ్డుకొచ్చింది.

"దీనికేం జబ్బు లేదు బామ్మగారూ."

"తెలుసులే. జబ్బు ఎవరికో చూద్దామనే వచ్చా. మా కరెంటాఫీసు పిల్ల నిన్ను సార్ అంటోందా?"

"మాటమాటకీ అంటోంది."

"అయితే నీ పనైపోయినట్టే. అది కిటికీ దగ్గర తొడుక్కునే చొక్కా నాయనా. ఇంట్లో మమ్మల్ని తిట్టని పూట ఉండదు. మొన్న వాళ్ళ నాన్నతో మర్యాదగా మాట్లాడితే, తనకేదో పెద్ద రోగమని డాక్టరు చెప్పుంటాడనుకుని ఆయన మంచమెక్కాడు. ఆ వేడినీళ్ళ తిట్టు విని పిల్ల ఎంత మురిసిందో. ఆ మనిషి మళ్ళీ రాలేదట. ఎవరో పంతులుగారొచ్చి అండీ అండీ అంటున్నాడట."

ఉరుము ఇస్త్రీ చొక్కా కోసం ఆగలేదు. నూనె మరకలతోనే పరిగెత్తి వరసలో నిలబడ్డాడు.

"చెప్పండి సార్."

"సారూ లేదు, గీరూ లేదు. ఊరు వదిలిపోతూ ఒక్క ముక్క చెప్పవా? నేను మనిషిలా ఉన్నానా, కరెంటు స్తంభంలా ఉన్నానా? నువ్వెళ్ళిపోతే నేనెవర్ని తిట్టుకుంటూ బతకాలి?"

వరస మొత్తం మెడలు సాచి చూసింది. ఆమె పెన్ను మూత పెట్టింది.

"ఇన్నాళ్ళూ ఈ నోరు ఏ గంగలో కలిసింది? రోజూ వచ్చి చేతులు కట్టుకుని నిలబడితే నాకు కలొస్తుందా? ఆ ఊరు బస్సులో గంట. ఆదివారం ఆదివారం రాకపోయావో, చెవులు పిండుతా. ముందు ఆ మొహం తుడుచుకో, దద్దమ్మా."

దద్దమ్మ. ఎవరో మెళ్ళో పూలదండ వేసినట్టు అతను తల వంచాడు.

"అమ్మా, నా మీటరు…" అన్నాడు వెనకాయన.

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్, ఒక్క నిమిషం," అంది ఆమె తేనెలో ముంచి.

ఆ సాయంత్రం పెళ్ళి మాటకని వెళ్తే, వాళ్ళింట్లో ఆమె తండ్రి ఉరుముని ఎగాదిగా చూశాడు. "దయచేయండి, కూర్చోండి," అన్నాడు.

ఉరుముకి అది మొహం మీద తలుపు వేసినట్టు వినిపించింది. అంత మర్యాదా? ఇక లేచి పోవడమే మేలనుకుంటూ కుర్చీ అంచున కూర్చున్నాడు. తండ్రి పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు. కుర్చీ కిర్రుమనేసరికి ఆ పేపరు కిందికి దిగింది.

"ఒరేయ్ మొద్దూ, ఆ కుర్చీకి కాలు ఊగుతోంది. పడతావు, ఇటొచ్చి కూర్చో."

నానమ్మ వంటింట్లోకి కేకేసింది. "ఒసేయ్, మీ నాన్న ఒప్పుకున్నాడే."