అమ్మ చెయ్యి అబద్ధం చెప్పిన రోజు

"ఏవండీ, తగ్గిపోయింది! మీకూ తగ్గింది, బుజ్జికీ తగ్గింది!"

భర్త నుదుటి మీద, కూతురి మెడ కింద చెయ్యి వేసి చూసి, ఆ ఇల్లాలు సంతోషంతో కేక పెట్టినంత పని చేసింది. ఎన్నాళ్ళకు! ముందు గదిలో వారం నుంచి మంచం దిగని భర్త, వెనక గదిలో ఆయాసంతో అత్తగారు, అది చాలదన్నట్టు గోరుచుట్టు మీద రోకటిపోటులా నిన్నటి నుంచి మూడేళ్ళ బుజ్జికి జ్వరం... ఒకరికి మందు, ఒకరికి వేణ్ణీళ్ళు, ఒకరికి ఒడి! కాళ్ళకు చక్రాలు కట్టుకుని తిరిగినా ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. ఇక పెద్దవాడు, అందరూ బండోడు అని పిలిచే ఆరేళ్ళ ఘనుడు, ఒంట్లో బాగానే ఉన్నాడు. ఆ బాగుండడమే ఇంటికి పెద్ద జబ్బు! ఉన్న ఒక్క థర్మామీటరుతో బల్ల మీద డప్పు వాయించి ముక్కలు చేసింది వాడే.

దానికి ఆమె బెంగపడలేదు. ఆమె ఇంట్లోనే మిషను పెట్టుకున్న దర్జీ. గుడ్డను వేళ్ళతో తడిమి ఎన్ని ఉతుకులకు ఆగుతుందో చెప్పేస్తుంది. పిల్లల జ్వరమూ అంతే. "మా కోడలి చెయ్యి ఉండగా ఆ గాజు పుల్లెందుకు?" అని అత్తగారే ఇరుగుపొరుగు వాళ్ళ దగ్గర గొప్పలు పోయేది.

"తగ్గిందంటావేంటి? నాకు వణుకు ఆగట్లేదు" అన్నాడు భర్త, దుప్పటిలోంచి.

"మీకు మంచం అలవాటైపోయింది లెండి!" అని నవ్వి, జ్వరం లేని పిల్లకు మందెందుకని బుజ్జి మందు సీసాను అలమరలో పెట్టేసి, మిషను ముందు కూర్చుంది.

కానీ ఏమిటో... సూది రెండుగా కనిపిస్తోంది. చొక్కాకు జేబు లోపలివైపు కుట్టేసింది! విప్పి మళ్ళీ కుడితే, ఈసారి వీపు మీద కుట్టింది! ఏమైంది నాకు? అందరికీ నయమైన రోజే నాకు మతి పోతోందా?

"ఫ్యానెవరు వేశార్రా? చలి చంపేస్తోంది!"

"ఫ్యాను తిరగట్లేదమ్మా" అన్నాడు బండోడు. ఆ వెంటనే, "అమ్మా, చెల్లి కాలిపోతోంది" అన్నాడు.

ఆమె గబగబా వెళ్ళి బుజ్జిని తాకింది. చల్లగానే ఉంది! మరి పెదవులెందుకు ఎండిపోయాయి? బొమ్మనిచ్చినా చెయ్యి చాచదేం? చెయ్యేమో లేదంటోంది, కళ్ళేమో ఉందంటున్నాయి... ఏది నమ్మాలి? "బుజ్జీ! ఒక్కసారి అమ్మా అనవే తల్లీ!" పిల్ల మెడ వాల్చేసింది.

ఆ అరుపుకు అత్తగారు గోడ పట్టుకుని, ఆయాసపడుతూ వచ్చింది. మనవరాలిని తాకీ తాకగానే ఉలిక్కిపడింది.

"అయ్యో! నిప్పులా ఉందే! మందు వేశావా?"

"లేదత్తయ్యా... చల్లగా ఉందిగా... మీరే చూడండి..." అంటూ ఆమె అత్తగారి చెయ్యి పట్టుకుంది.

ముసలావిడ ఆ చేతిని వదలలేదు. కోడలి మణికట్టు, చెంప, మెడ తడిమి చూసింది. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఓసి పిచ్చిదానా! నీ ఒళ్ళే పెనంలా కాలుతోందే! నీకింత జ్వరముంటే, పిల్ల జ్వరం నీ చేతికేం తెలుస్తుంది?"

ఆమె అలాగే కూలబడిపోయింది. భర్త దుప్పటి కప్పుకునే లేచి వీధి చివరి డాక్టరమ్మకు ఫోను చేశాడు. అత్తగారు ఊపిరి అందకపోయినా పిల్లకు తడిగుడ్డ వేసింది. డాక్టరమ్మ వచ్చి తల్లికీ పిల్లకూ సూది మందు వేసి, "భయం లేదు, నిద్రపోనివ్వండి" అని చెప్పి వెళ్ళింది. సాయంత్రానికి బుజ్జి కళ్ళు విప్పి నీళ్ళడిగింది.

"నా చేతులతో నేనే పిల్లను పోగొట్టుకునేదాన్ని అత్తయ్యా!" అని ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

"తప్పు నీది కాదమ్మా. నీ చెయ్యి మంచిదని మురిసిపోయామే గానీ, ఆ చేతిని ఒక్కరం పట్టుకుని చూశామా? పడుకో! లేచావంటే ఊరుకోను!" అంటూ అత్తగారు ఆమెను బుజ్జి పక్కనే పడుకోబెట్టి, తన దుప్పటి తెచ్చి కప్పింది.

బుజ్జికి ఇంకా ఒళ్ళు వెచ్చగానే ఉంది. అమ్మ ఏడవడం చూసి, బుల్లి చెయ్యి చాచి అమ్మ నుదుటి మీద ఆనించింది. అచ్చం అమ్మలాగే కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించింది.

"అమ్మకి జొరం లేదు!" అంది గంభీరంగా.

"ఇదొకతి తయారైంది!" అన్నాడు భర్త. అత్తగారు దగ్గుతూనే నవ్వింది. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ బుల్లి చేతిని తన నుదుటి మీద అలాగే ఉంచుకుని, ఎన్నాళ్ళకో నిశ్చింతగా కళ్ళు మూసుకుంది.