అరువు ఫొటోతో హత్య

"కత్తి లేదు, తుపాకీ లేదు. ఒక్క లింకుతోని చంపుతరంట." ఇయర్‌పీస్‌లో చీఫ్ వామన్‌రావు గొంతు.

శాలిబండ బస్టాపులో ఏజెంట్ వాగ్దేవి ప్లాస్టిక్ బొమ్మను పసిపిల్లలా చంకనేసుకుని నిలబడింది. పాలసీసా మూతలో మైకు.

"ఎవర్ని సార్?"

"ఇశ్రాయేలును. కిషన్‌బాగ్‌ల నల్లా నీళ్లు వదిలేటోడు. విదేశీ ముఠా డెన్ చూసిన సాక్షి అతనొక్కడే. 'పిల్లల్ని ఎత్తుకుపోయేది వీడే' అని హెడ్డింగు, మీద అతని ఫొటో. తొమ్మిదింటికి అన్ని గ్రూపులల్ల పడ్తది."

వాగ్దేవి బస్టాపులో ఫోన్లు గీకుతున్న జనాన్ని చూసింది. లింకు తెరిచి చదివే మొహాలా ఇవి? ప్రివ్యూలో ఫొటో చూస్తారు, కర్రలు అందుకుంటారు. ఆ వేళకు ఇశ్రాయేలు గల్లీలో వాల్వు తిప్పుతూ ఉంటాడు.

షేర్ ఆటో ఆగింది. నల్లకళ్లద్దాలు, సెంటు వాసన. ముఠాలో మన డబుల్ ఏజెంట్ స్ఫూర్తి.

"పాపకు పళ్లొచ్చినయా?"

"ఇంకా ఒకటే."

కోడ్ కలిసింది. స్ఫూర్తి ఫోన్లో ముఠా బాస్ ముఖం చూపించింది. "ఆ లింకు పేజీ నేనే కట్టిన. పాస్‌వర్డ్ మార్చి గుంజుకున్నడు. ఫొటో తన సర్వర్‌ల పెడితే జాడ దొరుకుతదని భయం. గుండయ్య స్టూడియో వెబ్‌సైట్ల ఇశ్రాయేలు ఫొటో ఉంటే, ప్రివ్యూల ఏ ఫొటో రావాల్నో చెప్పే మెటా ట్యాగ్‌ల దాని అడ్రసే అతికిచ్చిండు."

"మూడు దేశాల పోలీసులను ఆడించిన మొనగాడంట," వాగ్దేవి మూతి విరిచింది. "హత్యకు అరువు ఫొటో."

స్టూడియో ఎదురుగానే ఉంది. వాగ్దేవి ఐడీ కార్డు చూసి గుండయ్య కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"పాప కదుల్తలేదేందమ్మా?"

"బుద్ధిమంతురాలు బాబాయ్. ఇశ్రాయేలు ఫొటో తీసి, అదే ఫైలు పేరుతోని ఇంకో ఫొటో పెట్టు."

"ఎవరిది?"

గోడ నిండా శాంపిల్ ఫొటోలు. మధ్యలో సన్నమీసం, నూనె జుట్టు. ఇందాక ఫోన్లో చూసిన ముఖమే.

"ప్రేమ్‌రాజ్ అని చెప్పి ఆధార్‌కని దిగిండు," అన్నాడు గుండయ్య.

తాను ఫొటో దిగిన దుకాణంలోనే దొంగతనం. వీడికి బాస్ అని పేరు.

"వీణ్ణే పెట్టు." పాలసీసా నోటి దగ్గర పెట్టుకుంది. "సార్, వాడు చాయ్ తాగే హోటల్ స్ఫూర్తికి ఎరుకే, ఆడ జీపు ఉండాలె. జనం కంటే ముందు మనకే దొరకాలె."

తొమ్మిదయింది. లింకు చూడకుండా ఫార్వర్డ్ చేసే జనాన్ని నమ్ముకున్న బాస్, తానూ చూడకుండానే సెండ్ నొక్కాడు.

హోటల్లో ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి, అన్నింట్లో బాస్ ముఖమే. తలలన్నీ అతనివైపు తిరిగాయి. బాస్ చాయ్ వదిలేసి ఉరికి, ఎవరూ పిలవకుండానే పోలీసు జీపెక్కాడు.

"సార్, నన్ను లోపలెయ్యుండ్రి. జల్ది."

కిషన్‌బాగ్‌లో ఇశ్రాయేలు ఎప్పటిలాగే వాల్వు తిప్పాడు, ఆపైన పోలీసులకు డెన్ చూపించాడు. ముఠా మొత్తం లాకప్‌లో కూర్చున్నాక వాగ్దేవి ఫోను మోగింది. అత్త బుచ్చమ్మ పంపిన అదే లింకు, మీద బాస్ ముఖం.

"వీడు ఇంకా బయటనే తిరుగుతుండంట బిడ్డా. నీ ఆఫీసుల అందరికి పంపు."