నైరుతి మూలలో దేవుడు

1999 జూలైలో ఒక శనివారం ఉదయం ద్వారకానాథ్ ఆఫీసుకి వచ్చిన శివరామ్, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఫిజీలో పుట్టిన ఆ అరవయ్యేళ్ల తెలుగువాడు టోపీ నలుపుకుంటూ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మా కమ్యూనిటీ హాల్లో ఎవరో దేవుణ్ణి సిమెంటుతో పాతేసినారు సార్. సోమవారం గవర్నమెంట్ మనిషి చెకింగ్‌కి వస్తాడు. తాళం నా దగ్గరుంది కాబట్టి నేనే చేసినానంటున్నారు."

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో ద్వారకానాథ్ లాంటి ప్రైవేట్ డిటెక్టివ్‌కి తగిలేవన్నీ ఇన్సూరెన్సు గొడవలే. అసిస్టెంట్ రుమానాకి నవ్వొచ్చింది కానీ ముసలాయన ముఖం చూసి మింగేసుకుంది.

"దేవుణ్ణి పెడితే తప్పేంటంకుల్?"

ద్వారకానాథ్ అందుకున్నాడు. "ప్రభుత్వం ఏ మతాన్నీ నెలకొల్పకూడదని ఈ దేశ రాజ్యాంగంలో ఉందమ్మా. హాలుకి గ్రాంటిచ్చిన డిపార్ట్‌మెంట్ ఆ మాట పట్టుకుని షరతు పెట్టింది. పూజ చేసుకుని సామాను సర్దేస్తే హాలు. దేవుడు అక్కడే ఉండిపోతే గుడి. గుడైతే గ్రాంటు వెనక్కి."

"నా భార్య పోయింది. పిల్లలు మెల్‌బోర్న్‌లో ఉన్నారు. పొద్దున్నే హాలు తెరవడం ఒక్కటే నాకు మిగిలింది సార్. ఇంక రావద్దన్నారు," అన్నాడు శివరామ్. ఆ మాటకి రుమానా మనసు చివుక్కుమంది.

మధ్యాహ్నానికి ముగ్గురూ హాలుకి చేరేసరికి వార్త విని సభ్యులు ముప్పైమంది దాకా పోగయ్యారు. నైరుతి మూలలో గచ్చు పగలగొట్టి, చిన్న ఇత్తడి నరసింహస్వామిని నిలబెట్టారు. చుట్టూ సిమెంటు నున్నగా మెత్తి, పసుపు రాశారు. మిగిలిపోయిన సిమెంటు బస్తా వరండాలోనే పడి ఉంది.

"నైరుతిలో దేవుడేంటి సార్? తెలియనివాడి పనే," అన్నది రుమానా.

"తెలియనివాడు ఇంత శ్రద్ధగా పసుపు రాయడు." ద్వారకానాథ్ శివరామ్ వైపు తిరిగాడు. "నిన్న హాలు తెరిచి వదిలి వెళ్లారా?"

"మధ్యాహ్నం తిండికి ఇంటికి పోతాను. గాలి ఆడాలని తలుపు తీసే ఉంచుతాను. సాయంత్రం చూస్తే దేవుడున్నాడు."

"పట్టపగలు ఎవరు చేస్తారండీ? రాత్రి తాళం తీసి పెట్టుంటాడు. వాళ్ల ఫిజీ పద్ధతులే వేరు," అన్నాడు ప్రెసిడెంటు గోపాలరావు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు అందరూ తలలూపారు.

ద్వారకానాథ్ ఒక్కొక్కరినీ ఎండలోకి పిలిచి, ఇల్లు ఏ దిక్కున ఉందని అడిగాడు. గోపాలరావు టెలిఫోన్ టవర్ వైపు చెయ్యి చూపించాడు. "ఉత్తరాన, నైట్‌క్లిఫ్‌లో." చివర్న బక్కపల్చని కుర్రవాడొకడు వచ్చాడు. పేరు శేషాచలం. రెండువేల సంవత్సరం వచ్చేలోగా కంప్యూటర్లు సరిచెయ్యడానికి రెండు నెలల కిందటే ఇండియా నుంచి దిగాడు. "నా రూమ్ కూడా ఆ టవర్ పక్కనే సార్, దక్షిణాన."

రుమానా రెండూ రాసుకుంది. తేడా మాత్రం పట్టలేదు.

అందరూ లోపల కూర్చున్నాక ద్వారకానాథ్ మొదలుపెట్టాడు. "మన ఊళ్లలో ఎక్కువ నెలలు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణానికి వాలతాడు. ఇక్కడ జూలైలో ఉత్తరానికి వాలతాడు. పాత అలవాటుతో ఎండని బట్టి దిక్కు చూసుకున్నవాడికి అంతా తిరగబడి, నైరుతే ఈశాన్యంలా కనిపిస్తుంది. కాబట్టి పని జరిగింది రాత్రి కాదు, మిట్టమధ్యాహ్నం, తలుపు తీసి ఉన్నప్పుడు. శివరామ్ గారు ఫిజీలో ఉత్తరపు ఎండలోనే పెరిగారు. ఆయన పొరపడరు. ఇందాక మీలో ఒక్కరే ఉత్తరాన్ని దక్షిణమన్నారు."

శేషాచలం లేచి నిలబడ్డాడు. దొరికిపోయిన భయం కన్నా అలసటే ఎక్కువుంది అతని ముఖంలో.

"గుడి ఉంటే జనం వస్తారనుకున్నా సార్. రోజూ సాయంత్రం ఆఫీసు అవగానే వచ్చి గేటు దగ్గర నుంచునేవాణ్ణి. అప్పటికే తాళం పడి ఉండేది, ఎవ్వరూ వచ్చేవాళ్లు కాదు. తెలుగులో ఒక్క ముక్క మాట్లాడని వారాలున్నాయి. నిన్న సెలవు పెట్టి, సామాను తెచ్చుకుని మధ్యాహ్నం వచ్చా. గ్రాంటు సంగతి నాకు తెలీదు." చుట్టూ చూశాడు. "ఇవాళే ఇంతమంది వచ్చారు."

రుమానాకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఉలితో సిమెంటు కొట్టి శివరామే దేవుణ్ణి పైకి తీశాడు. గోపాలరావు ఇబ్బందిగా నవ్వాడు. "ఏమనుకోకండి శివరామ్ గారూ. రేపట్నుంచి మళ్లీ మీరే తెరవాలి."

"ఇన్నేళ్లు మీ పంక్తిలో తిన్నాను. ఒక్కరన్నా ఇంటికొచ్చి నన్ను అడగలేదు. హాలు మీరే తెరుచుకోండి." దేవుణ్ణి తువ్వాలులో చుట్టి శేషాచలం చేతిలో పెట్టాడు శివరామ్. "మా ఇంట్లో గవర్నమెంటు దుడ్లు లేవు బాబూ. ఈయన్ని ఏ మూలనన్నా పెట్టుకుందువు. రా, అన్నం తిందాం. నాక్కూడా మాట్లాడేవాళ్లు లేరు."