చీలలు తీసి మాట్లాడు

ఆ రోజు ఇంట్లో నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, వదిన ఉంది. అన్నయ్య డ్యూటీకి వెళ్లాడు. వెనక సోఫాలు బాగుచేసే షెడ్డులో పనివాడు మేకు ఉన్నాడు. అతని ముందు ఒక పళ్ల డాక్టరుగారి సోఫా వెల్లకిలా పడి ఉంది. ఇక కూతురు చిన్నది ఉంది. కానీ చిన్నదాన్ని ఇంట్లోవాళ్ల లెక్కలో వేయాలా, వచ్చిన చుట్టాల లెక్కలో వేయాలా అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు.

గొడవంతా అక్కడే.

చిన్నది ఒక సర్కస్‌తో నాలుగేళ్లు దేశదేశాలు తిరిగింది. ఊయల మీంచి గెంతడానికి కాదు, గుడారాలు కుట్టడానికి. గాలికి చిరిగిన చోటల్లా సూదీ దారం పట్టుకుని పైకెక్కేది. తిరిగొచ్చి వారమైంది. వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు కొత్త తువ్వాలు, అంచు విరగని కప్పు, ముందు గదిలో మంచం. తాగిన గ్లాసు కడగబోతే చాలు, ఎవరో ఒకరు పరుగున వచ్చి లాక్కుంటున్నారు.

ఆ ఉదయం ఆమె చీపురు పట్టుకుంది. వదిన వెంటనే దాని రెండో చివర పట్టుకుంది.

"నీకెందుకు అమ్మాయ్, బడలికగా ఉంటుంది."

"వారం రోజుల బడలికేంటి వదినా? నేనేమన్నా నడిచొచ్చానా?"

"అది కాదు, నాలుగు రోజులుండి పోయేదానివి..."

"పోతానని ఎవరు చెప్పారు?"

వదిన అమ్మ వైపు చూసింది. అమ్మ కిటికీలోంచి వాన వైపు చూసింది.

"మళ్లీ ప్రయాణం ఎప్పుడో ముందే చెబితే, నీ బట్టలు ఆరేలా చూసుకుంటాం కదే. అసలే వానలు."

చిన్నదానికి ఒళ్లు మండింది. చీపురు వదినకే వదిలేసి, చొక్కా చేతులు పైకి మడిచి, చినుకుల్లోనే షెడ్డుకు నడిచింది.

మేకు అసలు పేరు అందరూ మరిచిపోయారు. పనికి చేరిన రోజు నుంచీ గోడలో దిగినట్టు దిగిపోయాడని నాన్న పెట్టిన పేరది. సోఫాలకు గుడ్డ కొట్టే సన్నటి చీలలు నాలుగైదు పెదాల మధ్య పట్టుకుని, ఒక్కొక్కటే తీసి కొడుతుంటాడు. అందుకే మాటలు తక్కువ. చిన్నదీ అతనూ పక్కపక్క బల్లల మీద పని నేర్చుకున్నారు, ఒకే సుత్తి కోసం జుట్లు పట్టుకున్నారు.

ఆమెను చూడగానే మేకు చీలలు అరచేతిలోకి ఉమ్మి లేచి నిలబడ్డాడు.

"రండి, కూర్చోండి."

చిన్నది వెనక్కి తిరిగి చూసింది. "ఎవరొచ్చారు?"

"మిమ్మల్నే అన్నాను."

"నేనొక్కదాన్నేగా ఉన్నది. ఇంకెవరిని కలుపుకుని మీరంటున్నావు?"

"దేశాలు తిరిగొచ్చారు. మర్యాద ఇవ్వాలి కదా."

"నీ మర్యాద తగలెయ్య. సుత్తి ఇటివ్వు."

"వద్దండీ. కస్టమర్ పని."

"అండీ కూడానా?" చిన్నది తన పాత బల్ల మీద కూలబడింది. "సరే, నువ్వే కొట్టుకో. నేను చూస్తాను."

ఆమె కావాలనే అంది. నోట్లో చీలలుంటే పెదాలు రెండూ కలవవు. పెదాలు కలవనిదే 'మీరు' పలకదు. ఆమె కనబడితే చాలు మేకు చీలలు ఎందుకు ఉమ్మేస్తున్నాడో ఆమె ఎప్పుడో కనిపెట్టింది.

ఇక దారి లేక మేకు మళ్లీ నోరు నింపుకున్నాడు.

"సోఫాకు కొత్త స్ప్రింగులేశావా?"

తలూపాడు.

"నాన్న ఇంకా నీ మీద అరుస్తున్నాడా?"

గట్టిగా తలూపాడు.

"నేను లేనప్పుడు ఈ బల్ల మీద ఎవరు కూర్చునేవాళ్లు?"

దీనికి తలూపితే సరిపోదు. మేకు ఏమరుపాటున, చీలల సందులోంచే అనేశాడు. "ఎవర్నీ కూచోనివ్వలేదు. నువ్వొస్తావని."

ఒక చీల జారి కింద పడింది. మేకు చెవులు ఎర్రబడ్డాయి. షెడ్డు రేకుల మీద వాన ఒక్కసారిగా హోరెత్తింది, అదీ ఈ మాట విన్నట్టే.

"ఇంకోసారి అను," అంది చిన్నది.

అతను మిగతా చీలలన్నీ ఉమ్మేశాడు. ఈసారి మర్యాదకు కాదు, కోపానికి. "రెండు నెలల్లో వస్తానన్నారు. నాలుగేళ్లయింది. రేపు ఇంకో గుడారం చిరుగుతుంది, మళ్లీ పోతారు. 'నువ్వు' అంటే నాకు అలవాటైపోతుంది. 'మీరు' అనుకుంటే, పోయినా తట్టుకోవచ్చు."

చిన్నది లేచి నిలబడింది. "తిరిగాను. బాగా తిరిగాను, నచ్చింది కూడా. అందుకు చెంపలేసుకోను."

"ఇక పోనని ఒట్టేస్తారా?"

"వెయ్యను. చీల దిగ్గొట్టే ముందు దానితో ఒట్టు వేయించుకుంటావా? కొడతావు, నిలుస్తుంది."

"కర్ర గట్టిదైతే నిలుస్తుంది."

"గట్టిదో కాదో చూసి చెప్పు."

మేకు చూశాడు. వారంలో మొదటిసారి, ఆమె చెప్పులను కాకుండా ఆమెను చూశాడు. అంత ధైర్యంగా నడిచొచ్చిన చిన్నది ఆ చూపుకు గబుక్కున సోఫా కాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

అప్పుడే గుమ్మం దగ్గర గొడుగు కనబడింది. దాని కింద వదిన, వెనకే అమ్మ, నాన్న.

"తడిసిపోతావు అమ్మాయ్, రా."

"వదినా, ఆ గొడుగు ముయ్యి. అందరూ వినండి. సర్కస్ పని మానేసే వచ్చాను. ఎందుకొచ్చావని ఒక్కరూ అడగలేదు, ఎప్పుడు పోతావనే అడిగారు. ఇది నా ఇల్లు, ఇది నా బల్ల. వీడు..." చూపు మళ్లీ సోఫా కాళ్ల మీదికి పోయింది. అయినా ఆగలేదు. "వీడికిష్టమైతే, వీణ్ణి చేసుకుంటాను."

అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. నాన్న తీరిగ్గా గడ్డం గోక్కున్నాడు.

"వాణ్ణి ఇక్కణ్ణుంచి పీకడం నా వల్ల కాదు. దీన్ని ఇక్కడ నిలపడం నా వల్ల కాలేదు. ఆ తంటా ఏదో వాళ్లే పడితే నాకు హాయి. ఏరా?"

అందరూ మేకు వైపు తిరిగారు. అతని నోట్లో ఒక్క చీల లేదు. పెదాలు రెండూ చక్కగా కలుస్తాయి. ఏ మాటైనా పలకొచ్చు.

"నువ్వు," అన్నాడు మేకు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "నువ్వు ముందు ఆ డాక్టరుగారింటికి పోయి, సోఫాకు నీలం గుడ్డ కావాలో ఆకుపచ్చది కావాలో కనుక్కునిరా."

"ఇంత వానలోనా?"

"పని చేస్తానన్నావుగా."

వదిన గొడుగు అందించబోయింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "వదిలెయ్. ఇంటిపిల్లేగా."

చిన్నది షెడ్డుకు వీధి వైపున్న గుమ్మం దాటి వానలోకి దిగింది. మొన్న మందుల షాపుకు బయల్దేరితే వీధి మలుపు దాకా ముగ్గురూ సాగనంపారు. ఇప్పుడు ఒక్కరూ కదల్లేదు.

"మరి నేనడిగిందానికి జవాబు?" అంది, జుట్టు మీంచి నీళ్లు కారుతుంటే.

"నువ్వొచ్చాక చెబుతా. తొందరగా రా. సోఫా దూది తడుస్తోంది," అని మేకు ఆమె ముఖం మీదే తలుపు వేసేశాడు.